నోర్డ్‌లింగెన్

నోర్డ్‌లింగెన్ దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉన్న చిన్న చారిత్రక పట్టణం. స్వాబియా పరిపాలన ప్రాంతంలోని డోనౌ–రీస్ జిల్లాకు చెందినది. జనాభా 20 వేల పైచిలుకు. ఐదున్నర శతాబ్దాలకు పైగా ఇది పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో స్వతంత్ర సామ్రాజ్య నగరంగా, అంటే మధ్యలో మరో ప్రభువు లేకుండా నేరుగా చక్రవర్తికే లోబడిన నగరంగా ఉంది. పాత పట్టణాన్ని చుట్టి ఉన్న మధ్యయుగపు ప్రాకారం ఎక్కడా తెగకుండా నేటికీ నిలిచి ఉంది. దాదాపు కోటిన్నర సంవత్సరాల క్రితం ఒక గ్రహశకలం భూమిని ఢీకొన్నప్పుడు ఏర్పడిన రీస్ బిలం లోపల ఈ పట్టణం ఉంది. ఆ తాకిడిలో పుట్టిన రాతితోనే పట్టణపు పెద్ద చర్చిని కట్టారు. నోర్డ్‌లింగెన్ చరిత్రను దాని నేల చరిత్ర నుంచి విడదీసి చెప్పడం కష్టం.

ఉనికి, నైసర్గిక స్వరూపం

పట్టణం ఎగర్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. ఎగర్ వెర్నిట్స్ నదిలో కలుస్తుంది. వెర్నిట్స్ డోనౌవెర్త్ వద్ద డాన్యూబ్‌లో కలుస్తుంది. చుట్టూ రీస్ అని పిలిచే గుండ్రని మైదానం పరచుకొని ఉంది. దాని వ్యాసం సుమారు 24 కిలోమీటర్లు. అంచుల వెంబడి అడవులతో నిండిన గుట్టలు మైదానం కంటే వంద మీటర్లకు పైగా ఎత్తులో కనిపిస్తాయి. గాలి మోసుకొచ్చిన సన్నని ధూళి పొరలు పేరుకోవడం వల్ల మైదానం నేల సారవంతమైనది. అందుకే ఇక్కడ చెట్లు తక్కువ, పొలాలు ఎక్కువ. పట్టణం ఈ మైదానపు నైరుతి భాగంలో ఉంది. పశ్చిమాన స్వాబియన్ ఆల్ప్, తూర్పున ఫ్రాంకోనియన్ ఆల్ప్ అనే సున్నపురాతి పీఠభూములు ఉన్నాయి. రీస్ ఈ రెండింటి మధ్య పడిన గండి వంటిది.

రీస్ బిలం: పుట్టుక

సుమారు 1.48 కోట్ల సంవత్సరాల క్రితం, కిలోమీటరు లేదా అంతకు కొంచెం ఎక్కువ వ్యాసం గల గ్రహశకలం సెకనుకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో ఇక్కడ పడింది. పైనున్న వందల మీటర్ల మందం గల సున్నపురాతి, ఇసుకరాతి, బంకమట్టి పొరలను చీల్చుకొని, కింది స్ఫటికశిలల్లోకి దిగింది. తాకిడి శక్తికి ఆ శకలం దాదాపు పూర్తిగా ఆవిరైపోయింది. బిలం రూపుదిద్దుకోవడానికి కొద్ది నిమిషాలే పట్టింది.

బయటికి ఎగిరిపడిన పదార్థం రెండు పొరలుగా పరచుకొంది. మొదట, పై పొరల రాళ్లు ముక్కలై, కలగాపులగమై, నేల వెంబడి దొర్లుతూ బిలం చుట్టూ పడ్డాయి. దీన్ని రంగుల శకలశిల అంటారు. దాని మీద, లోతు నుంచి లేచిన స్ఫటికశిలల ముక్కలూ కరిగిన గాజూ కలిసి వేడి మేఘంలా దిగి గట్టిపడ్డాయి. ఇలా ఏర్పడిన బూడిదరంగు రాయికి స్వాబియా ప్రాంతపు లాటిన్ పేరును బట్టి సూవైట్ అనే పేరు వచ్చింది. తాకిన తొలి క్షణాల్లో ఉపరితలం నుంచి చిమ్మిన కరిగిన బిందువులు ఇప్పటి చెక్ దేశం దాకా ఎగిరి, చల్లబడి, మోల్డవైట్ అనే ఆకుపచ్చ గాజురాళ్లుగా మారాయి. నగల తయారీలో వాడే ఆ రాళ్ల పుట్టిల్లు రీస్.

తరువాత బిలంలో నీరు నిలిచి సరస్సు ఏర్పడింది. లక్షల సంవత్సరాల పాటు దాని అడుగున బంక, సున్నం పేరుకొన్నాయి. సరస్సు పూడిపోయాక, ఇటీవలి భూగర్భ యుగాలలో నదుల కోత మళ్లీ ఆ గుండ్రని పల్లాన్ని బయటపెట్టింది. 1973లో ఇక్కడ పరిశోధన కోసం 1,206 మీటర్ల లోతు బోరు వేసి ఈ పొరల క్రమాన్ని పరిశీలించారు. పరిమాణంలో పోలిక కావాలంటే, దక్కను బసాల్టులో ఏర్పడిన మహారాష్ట్రలోని లోణార్ బిలం వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు మాత్రమే (చూ. లోణార్).

బిలాన్ని గుర్తించిన క్రమం

సూవైట్‌లో గాజు ఉండటం, అది చూడటానికి అగ్నిపర్వత బూడిదరాయిలా కనిపించడం వల్ల 19వ శతాబ్దం అంతా, 20వ శతాబ్దపు మొదటి సగం దాకా రీస్‌ను అగ్నిపర్వతపు పేలుడు ఫలితంగానే చాలామంది భావించారు. ఉల్కాపాతం అన్న ఊహ 1904లోనూ, 1936లోనూ ప్రతిపాదనకు వచ్చినా పండితులు పట్టించుకోలేదు. రుజువు లేకపోవడమే కారణం.

ఆ రుజువు 1960లో దొరికింది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్, రీస్ తూర్పు అంచున ఉన్న ఓటింగ్ గ్రామపు రాతి గని నుంచి సూవైట్ ముక్కలు సేకరించాడు. వాటిలో కోసైట్ ఉన్నట్టు అతడు, సహచరుడు ఎడ్వర్డ్ చావ్ తేల్చారు. కోసైట్ అంటే సిలికా యొక్క ఒక రూపం. భూమి ఉపరితలం మీద అగ్నిపర్వతాలు కలిగించగల పీడనం దాని పుట్టుకకు చాలదు. దాన్ని తొలిసారి 1953లో ప్రయోగశాలలో తయారుచేశారు. ప్రకృతిలో దొరికింది ఆ తరువాతే, అమెరికాలోని అరిజోనా ఉల్కాబిలం దగ్గర. రీస్‌లో కోసైట్ బయటపడటంతో భూమి మీది పెద్ద గుండ్రని పల్లాలను ఉల్కాపాత బిలాలుగా గుర్తించే పద్ధతి స్థిరపడింది. గ్రహాల అధ్యయనంలో ఈ చిన్న పట్టణం పేరు శాశ్వతంగా చేరడానికి ఇదే కారణం. సూవైట్‌లో కంటికి ఆనని సూక్ష్మ వజ్రాలు కూడా ఉన్నాయి. భూగర్భంలోని గ్రాఫైటు తాకిడి పీడనానికి మారి అవి ఏర్పడ్డాయి. వాటికి ఆభరణ విలువ లేదు.

చంద్రుడి నేల కూడా ఇటువంటి తాకిడులతో ఏర్పడినదే కాబట్టి, 1970 ఆగస్టులో అపోలో–14 వ్యోమగాములు అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్, వారితో పాటు యూజీన్ సెర్నన్, జో ఎంగిల్ ఇక్కడికి వచ్చి తాకిడి శిలలను గుర్తించడంలో శిక్షణ పొందారు. 1990లో తెరిచిన రీస్ బిలం మ్యూజియంలో అపోలో–16 తెచ్చిన చంద్రశిల ఒకటి ఉంది. ఆ మ్యూజియం ఉన్న కట్టడం 1503 నాటి పశుగ్రాసం, ధాన్యం నిలవచేసే కొట్టం.

తొలి నివాసాలు

పట్టణ పరిధిలోని హోల్‌హైమ్ దగ్గర ఓఫ్నెట్ గుహలు ఉన్నాయి. 1908లో అక్కడ జరిపిన తవ్వకాలలో మధ్య శిలాయుగానికి చెందిన 30కి పైగా మానవ కపాలాలు రెండు గుంటలలో, పశ్చిమ దిక్కుగా అమర్చి ఉండగా దొరికాయి. యూరప్ ప్రాగితిహాసంలో ఇది ఎంతో చర్చకు గురైన ఆవిష్కరణ. గుహల కిందనే రోమన్ల కాలపు వ్యవసాయ క్షేత్రపు పునాదులు ఉన్నాయి. సామాన్య శకం 1వ శతాబ్దం చివర రోమన్లు ఈ మైదానాన్ని ఆక్రమించారు. 3వ శతాబ్దం మధ్యలో అలెమాన్ని తెగల దాడులతో వారి పాలన ముగిసింది.

నోర్డ్‌లింగెన్ పేరు మొదటిసారి వ్రాతలో కనిపించేది 898లో. అప్పుడది కరోలింగియన్ రాజుల ఎస్టేటు. ఆ ఏడాది అది రెగెన్స్‌బుర్గ్ బిషప్ చేతికి వెళ్లింది. 1215లో చక్రవర్తి రెండవ ఫ్రెడెరిక్ దాన్ని మార్పిడి పద్ధతిలో తిరిగి తీసుకొని నగర హక్కులు ఇచ్చాడు.

సామ్రాజ్య నగరం

సామ్రాజ్య నగరంగా నోర్డ్‌లింగెన్‌కు సొంత న్యాయస్థానం, సొంత సైనిక దళం, సొంత పన్నులు ఉండేవి. నగర సభ పాలించేది. 14వ శతాబ్దం నుంచి వృత్తి సంఘాలకు సభలో స్థానం లభించింది. 16వ శతాబ్దం మధ్యలో చక్రవర్తి ఐదవ చార్లెస్ దక్షిణ జర్మనీ నగరాలలో ఆ హక్కును తొలగించి, పాలనను కొన్ని సంపన్న కుటుంబాలకు అప్పగించాడు. చుట్టుపక్కల పల్లెలపై అధికారం ఓట్టింగెన్ ప్రభువులది. అందువల్ల నగరానికి, ఆ ప్రభువులకు మధ్య శతాబ్దాల తరబడి తగవులు నడిచాయి.

నగరపు సంపదకు మూలం పెంతెకొస్తు సంత. 1219లోనే దీని ప్రస్తావన ఉంది. పెంతెకొస్తు పండుగ తరువాత జరిగే ఈ సంతకు 14, 15 శతాబ్దాలలో దక్షిణ జర్మనీ అంతటి నుంచి వర్తకులు బట్టలు, ఉన్ని, బొచ్చు, లోహాలు, సుగంధ ద్రవ్యాలు తెచ్చేవారు. వాణిజ్య మార్గాలు ఇక్కడ కలవడం, మైదానం చుట్టూ తిండిగింజలకు కొదవలేకపోవడం దీనికి తోడ్పడ్డాయి. ముతక ఉన్ని బట్టల నేత, తోళ్లు పదును చేయడం నగరంలోని ముఖ్య వృత్తులు. ఎగర్ ఒడ్డున ఉన్న తోళ్ల పనివారి వీధిలో, పై అంతస్తులు గాలి ఆడేలా తెరిచి ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తోళ్లను అక్కడే ఆరబెట్టేవారు. 1382 నుంచి నేటి వరకు ఒకే రాతి భవనం నగర సభా భవనంగా ఉంది. దాని బయటి రాతి మెట్లను 1618లో కట్టారు. 13వ శతాబ్దంలో వెలసిన పవిత్రాత్మ ఆస్పత్రి రోగులకు, వృద్ధులకు, దిక్కులేనివారికి ఆశ్రయంగా ఉండేది. ఇప్పుడు ఆ ఆవరణలో పట్టణ మ్యూజియం ఉంది.

ప్రాకారం

మొదటి ప్రాకారం 13వ శతాబ్దానిది. 1238లో పెద్ద అగ్నిప్రమాదం జరిగినా నగరం తిరిగి పెరిగి, గోడ బయట వృత్తిపనివారి వాడలు వెలిశాయి. వాటిని కూడా కలుపుకొనేలా కొత్త గోడ కట్టాలని 1327లో రాజు నాలుగవ లుడ్విగ్ ఆజ్ఞ ఇచ్చాడు. దానితో కోట లోపలి విస్తీర్ణం సుమారు నాలుగు రెట్లయింది. పాత గోడ ఉన్న దారి నేటికీ లోపలి వలయపు వీధులుగా స్పష్టంగా కనిపిస్తుంది.

బయటి ప్రాకారం పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. బాల్డింగెన్, లోప్సింగెన్, డైనింగెన్, రైమ్లింగెన్, బెర్గ్ అనే ఐదు ద్వారాలు, వాటితో పాటు పలు బురుజులు ఉన్నాయి. మొదటి నాలుగు ద్వారాల పేర్లు ఆయా దిక్కుల్లోని ఊళ్ల పేర్లను బట్టి వచ్చాయి. 16వ శతాబ్దం చివర నగర స్థపతి వోల్ఫ్‌గాంగ్ వాల్డ్‌బెర్గర్ పలు ద్వార గోపురాలను పునర్నిర్మించాడు. గోడ లోపలి వైపు పైకప్పుతో ఉన్న నడకదారి మీద పట్టణం చుట్టూ పూర్తిగా తిరిగి రావచ్చు. రోథెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్ పట్టణాల గోడలు కూడా నిలిచి ఉన్నా, ఇంత పూర్తి నడకదారి జర్మనీలో మరెక్కడా లేదు. గోడకు ఆనించి, దాని కమానుల కింద కట్టిన చిన్న ఇళ్లలో ఒకప్పుడు సైనికులు ఉండేవారు. వాటిలో కొన్నింటిలో జనం ఇప్పటికీ కాపురముంటున్నారు.

పట్టణం గుండ్రంగా ఉండటానికి బిలం గుండ్రంగా ఉండటమే కారణమని తరచుగా చెబుతారు. ఇది సరికాదు. బిలం వ్యాసం 24 కిలోమీటర్లు, పాత పట్టణం వ్యాసం కిలోమీటరు కూడా లేదు. పైగా పట్టణం బిలం నడిమధ్యన లేదు. చదునైన నేల మీద తక్కువ పొడవు గోడతో ఎక్కువ స్థలాన్ని కాపాడుకోవాలంటే వలయమే అనువైన ఆకారం. బిలం ఇచ్చింది ఆ చదును నేలను మాత్రమే.

సెయింట్ జార్జ్ చర్చి, డానియెల్ గోపురం

పట్టణం నడుమ ఉన్న సెయింట్ జార్జ్ చర్చి నిర్మాణం 1427లో మొదలై 1505లో ముగిసింది. చివరి దశ గోథిక్ శైలిలో, మధ్యశాల, పక్కశాలలు ఒకే ఎత్తులో ఉండేలా కట్టిన చర్చిలలో దక్షిణ జర్మనీలో ఇది పెద్దవాటిలో ఒకటి. పైకప్పు వల కమానులను స్టెఫాన్ వైరర్ పూర్తిచేశాడు. 1462లో స్థానిక చిత్రకారుడు ఫ్రీడ్రిఖ్ హెర్లిన్ ప్రధాన పీఠానికి చిత్రఫలకాలు గీశాడు. వాటిలో చాలావాటిని ఇప్పుడు పట్టణ మ్యూజియంలో చూడవచ్చు. పీఠం మీది చెక్క శిల్పాలు చర్చిలోనే ఉన్నాయి.

చర్చిని సూవైట్‌తో కట్టారు. ఆల్టెన్‌బ్యూర్గ్ గని నుంచి తెచ్చిన ఈ రాయి తేలికగా చెక్కుడు పడుతుంది. కానీ మంచు, వానలకు త్వరగా పొరలు రాలుతుంది. అందువల్ల మరమ్మతు పని తరతరాలుగా సాగుతూనే ఉంది. దగ్గరగా చూస్తే గోడరాళ్లలో నల్లటి గాజు ముద్దలు కనిపిస్తాయి. అవి గ్రహశకలపు తాకిడికి కరిగిన రాతి ఆనవాళ్లు. ఆ సంగతి తెలియకుండానే మధ్యయుగపు శిల్పులు, తాపీవారు వాటి మధ్య 70 ఏళ్లకు పైగా పనిచేశారు.

చర్చికి చేరిన గోపురం పేరు డానియెల్. ఎత్తు దాదాపు 90 మీటర్లు, మెట్లు 350. దాని మీద నుంచి రీస్ అంచుల గుట్టలు వలయంగా కనిపిస్తాయి. బిలం ఆకారాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు. గోపురంపై కావలివాళ్లు నేటికీ ఉద్యోగంలో ఉన్నారు. రాత్రి 10 గంటల నుంచి 12 గంటల వరకు అరగంటకోసారి పైనుంచి కేక వేస్తారు. దీనికి ఒక కథ చెబుతారు. 1440లో ఓట్టింగెన్ ప్రభువు ద్వారపాలకులకు లంచమిచ్చి ఒక ద్వారాన్ని మూయకుండా ఉంచేలా చేశాడట. తప్పించుకొన్న పంది ఒకటి తలుపుకు ఒళ్లు రుద్దుకొంటుంటే తలుపు కదలడం ఒక స్త్రీ చూసి కేకవేసిందట. పంది భాగం ఐతిహ్యమే. కావలి కేక మాత్రం శతాబ్దాల నాటి ఆచారం.

మత సంస్కరణ, మంత్రగత్తెల విచారణలు

1522లో బోధకుడిగా వచ్చిన థియోబాల్డ్ బిల్లికాన్ మత సంస్కరణోద్యమాన్ని ఇక్కడ ప్రవేశపెట్టాడు. 1529లో స్పేయర్ మహాసభలో చక్రవర్తి పక్షపు తీర్మానాన్ని నిరసించిన 14 నగరాలలో నోర్డ్‌లింగెన్ ఒకటి. ప్రొటెస్టంట్ అన్న మాట పుట్టింది ఆ నిరసన నుంచే (చూ. మత సంస్కరణోద్యమం).

నగర చరిత్రలో అత్యంత చీకటి ఘట్టం 1589–98 మధ్య జరిగిన మంత్రగత్తెల విచారణలు. మేయర్ యోహానెస్ ఫెరింగర్ నాయకత్వంలో నగర సభ 34 మంది స్త్రీలను, ఒక పురుషుడిని చంపించింది. నిందితులలో పేదలతో పాటు అధికారుల భార్యలూ ఉన్నారు. నగర ఖజానా అధికారి భార్య రెబెక్కా లెంప్‌ను 1590లో కాల్చి చంపారు. ఆమె చెరసాల నుంచి భర్తకు రాసిన ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి. చిత్రహింస పెట్టి ఒప్పించడమంటే ఏమిటో బాధితురాలి మాటల్లోనే తెలిపే అరుదైన సాక్ష్యం అవి. పూటకూళ్ల ఇల్లు నడిపే మరియా హోల్‌ను 1593–94లో 62 సార్లు చిత్రహింసకు గురిచేశారు. ఆమె ఒక్క నేరమూ ఒప్పుకోలేదు, మరొకరి పేరూ చెప్పలేదు. ఉల్మ్ నగరం జోక్యం చేసుకోవడంతో ఆమెను 1594లో విడుదల చేయక తప్పలేదు. ఆ తరువాత విచారణల మీద జనం నమ్మకం సడలింది. విచారణలు ఆగిపోవడానికి ఆమె నిబ్బరం ముఖ్య కారణమన్నది చరిత్రకారుల అభిప్రాయం. పట్టణంలో ఆమె పేరిట స్మారక ఫౌంటెన్ ఉంది.

యూదులు

మధ్యయుగంలో ఇక్కడ యూదుల వాడ ఉండేది. 1298లో, 1348లో, 1384లో వారిపై ఊచకోతలు జరిగాయి. 1384 నాటి హత్యాకాండలో నగరవాసులే పాల్గొన్నారు. 1507లో యూదులను పూర్తిగా వెళ్లగొట్టారు. 19వ శతాబ్దం రెండవ సగంలోగాని తిరిగి స్థిరపడటానికి అనుమతి రాలేదు. అప్పుడు కట్టుకొన్న ప్రార్థనా మందిరాన్ని 1938 నవంబరులో నాజీలు ధ్వంసం చేశారు. మిగిలిన కుటుంబాలను 1942లో తూర్పు ప్రాంతపు శిబిరాలకు తరలించారు. యూదుల శ్మశానవాటిక మిగిలి ఉంది.

ముప్పై ఏళ్ల యుద్ధం

1634 ఆగస్టులో చక్రవర్తి సేనలు, అప్పటికి స్వీడన్ పక్షాన ఉన్న నోర్డ్‌లింగెన్‌ను ముట్టడించాయి. సేనాని చక్రవర్తి కుమారుడు, హంగరీ రాజు ఫెర్డినాండ్. స్పెయిన్ రాజు తమ్ముడు, కార్డినల్ కూడా అయిన మరో ఫెర్డినాండ్ పెద్ద సైన్యంతో వచ్చి అతనితో కలిశాడు. నగరాన్ని విడిపించడానికి స్వీడన్ సేనాని గుస్తావ్ హోర్న్, సాక్స్–వైమార్ ప్రభువు బెర్న్‌హార్డ్ వచ్చారు. సెప్టెంబరు 5, 6 తేదీలలో పట్టణానికి దక్షిణాన ఆల్బుఖ్ గుట్ట కోసం పోరు జరిగింది. బిలం అంచున ఉన్న ఈ గుట్ట చేజిక్కితే మైదానమంతా చేజిక్కినట్టే. స్పెయిన్ కాల్బలం గుట్టను పదేపదే కాపాడుకొంది. స్వీడన్ సైన్యం చిత్తుగా ఓడి, హోర్న్ బందీ అయ్యాడు. నగరం లొంగిపోయింది.

ఫలితాలు యూరప్ అంతటా కనిపించాయి. దక్షిణ జర్మనీలో స్వీడన్ ఆధిపత్యం ముగిసింది. ప్రొటెస్టంటు సంస్థానాల హైల్‌బ్రోన్ కూటమి విచ్ఛిన్నమైంది. 1635లో ప్రాగ్ సంధి కుదిరింది. అదే ఏడాది ఫ్రాన్స్ నేరుగా యుద్ధంలోకి దిగడంతో అది మరో 13 ఏళ్లు సాగింది. 1645 ఆగస్టు 3న దగ్గరలోని ఆలెర్‌హైమ్ వద్ద రెండవ నోర్డ్‌లింగెన్ యుద్ధం జరిగింది. అందులో బవేరియా సేనాని ఫ్రాంట్స్ ఫన్ మెర్సీ మరణించాడు. ముట్టడి, ప్లేగు, యుద్ధపు పన్నులు కలిసి నగరపు జనాభాను సగం దాకా తుడిచిపెట్టాయి.

క్షీణత, బవేరియాలో విలీనం

యుద్ధం తరువాత సంత ప్రాంతీయ స్థాయికి పడిపోయింది. పెద్ద వర్తకం లైప్‌త్సిగ్, ఫ్రాంక్‌ఫర్ట్ నగరాలకు మళ్లింది. 1803లో నగరం స్వతంత్రత కోల్పోయి బవేరియాలో కలిసింది. నోర్డ్‌లింగెన్ అందం నిలవడానికి అసలు కారణం ఈ పేదరికమే. గోడలు పడగొట్టి విస్తరించేంత వ్యాపారం, పాత ఇళ్లు తీసి కొత్తవి కట్టేంత డబ్బు నగరానికి లేవు. తరువాత బవేరియా రాజు మొదటి లుడ్విగ్ (1825–48) కాలంలో ప్రాకారాల కూల్చివేతను ఆపే ఉత్తర్వులు వచ్చాయి. 1849లో వచ్చిన రైలుమార్గం గోడ బయటి నుంచే పోయింది. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి నెలల్లో జరిగిన బాంబుదాడులలో స్టేషను పరిసరాలకు, చర్చికి నష్టం కలిగినా పాత పట్టణం దాదాపు యథాతథంగా మిగిలింది.

ప్రముఖులు, సంస్థలు

ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ వద్ద పనిచేసిన చిత్రకారుడు హాన్స్ షోయిఫెలిన్ తన చివరి దశాబ్దాలు ఇక్కడే గడిపాడు. 1763లో కార్ల్ గోట్‌లోబ్ బెక్ ఇక్కడ స్థాపించిన ప్రచురణ సంస్థ న్యాయశాస్త్ర గ్రంథాలకు జర్మనీలో పేరెన్నికగన్నది. సంస్థ 1889లో మ్యూనిక్‌కు తరలినా ముద్రణాలయం నోర్డ్‌లింగెన్‌లోనే కొనసాగింది. ఫుట్‌బాల్ ఆటగాడు గెర్డ్ ముల్లర్ 1945లో ఇక్కడ పుట్టాడు. పశ్చిమ జర్మనీ తరఫున 62 మ్యాచ్‌లలో 68 గోల్స్ చేసిన అతడు 1974 ప్రపంచ కప్పు ఫైనల్లో విజయపు గోల్ కూడా చేశాడు. పట్టణపు స్టేడియానికి అతని పేరు పెట్టారు.

నేటి పట్టణం

1972లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నోర్డ్‌లింగెన్ తన ప్రత్యేక పరిపాలన హోదా కోల్పోయి డోనౌ–రీస్ జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రం డోనౌవెర్త్. 1950లో ఏర్పాటైన రొమాంటిక్ రోడ్ పర్యాటక మార్గంలో ఇది ఒక ముఖ్య మజిలీ. పాత రైలింజన్ల షెడ్డులో బవేరియన్ రైల్వే మ్యూజియం నడుస్తోంది. పెంతెకొస్తు సంత ఇప్పటికీ ఏటా జరుగుతుంది, కాకపోతే వర్తకం స్థానంలో వినోదం ముందుకు వచ్చింది. 1971 నాటి విల్లీ వోంకా చిత్రపు ముగింపులో ఆకాశం నుంచి కనిపించే ఎర్ర పెంకుల పట్టణం నోర్డ్‌లింగెనే. 2022లో యునెస్కో రీస్ ప్రాంతాన్ని ప్రపంచ జియోపార్కుగా గుర్తించింది.